వెయ్యి ప్రైమర్లు 80 డాలర్లు: తప్పు దాచుకున్నవాళ్ళదా, కంపెనీలదా?

ఓరుగల్లు_ఆస్టిన్:
అందరికీ నమస్కారం. టెక్సస్‌లో ఉంటాను. గ్రీన్ కార్డ్ వచ్చాక రేంజ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాను. మూడేళ్ళుగా 9 ఎం.ఎం. తూటాలు ఇంట్లోనే రీలోడ్ చేసుకుంటున్నాను. తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క. తూటా పేలాక కింద పడే ఇత్తడి కేసు పాడవదు. దాన్ని ఏరుకొచ్చి, కడిగి, కొత్త ప్రైమర్ (కేసు అడుగున కూర్చుని, పిన్ను దెబ్బకి నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ), పౌడర్ (మందు), బుల్లెట్ (ముందుకి దూసుకుపోయే ముక్క) పెట్టి మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. దీన్నే రీలోడింగ్ అంటారు. ఇక్కడ ఇది చట్టం ఒప్పుకున్న హాబీ.

మొన్న శనివారం షాపు తెరవకముందే వెళ్ళి నిలబడ్డాను. నా ముందు ఆరుగురు. మనిషికి ఒక్క బ్రిక్ మాత్రమే అని తలుపు మీద కాగితం అంటించారు. బ్రిక్ అంటే వెయ్యి ప్రైమర్లు. ధర 80 డాలర్లు, పన్ను వేరే. 2019లో ఇదే బ్రిక్ 30 డాలర్ల చుట్టూ ఉండేది. నా ముందున్న ఆయన తానొకటి, భార్య చేత ఒకటి, పెద్ద కొడుకు చేత ఒకటి కొనిపించి ట్రక్కులో పెట్టుకున్నాడు. నా వంతు వచ్చేసరికి లార్జ్ రైఫిల్ ప్రైమర్లే మిగిలాయి. 9 ఎం.ఎం.కి అవి పట్టవు, స్మాల్ పిస్టల్ ప్రైమర్లు కావాలి. ఉత్త చేతులతో వచ్చాను.

సూటిగా అడుగుతున్నాను. ఇది నిజంగా కొరతేనా? లేక గ్యారేజీల్లో పదేళ్ళ సరుకు పేర్చుకున్నవాళ్ళు తెచ్చిపెట్టిన కొరతా?

పాత_ఇత్తడి:
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది కానీ వేలు తప్పు మనిషివైపు చూపిస్తున్నావు. నేను 2009 నుంచి రీలోడ్ చేస్తున్నాను. 2012 డిసెంబర్‌లో శాండీ హుక్ బడిలో కాల్పులు జరిగాక కొత్త చట్టాలు వస్తాయేమోనని జనం షాపుల మీద పడ్డారు. ప్రైమర్లు లేవు, పౌడర్ లేదు. పిల్లలు గురి నేర్చుకునే చిన్న .22 తూటాలు కూడా ఏళ్ళ తరబడి సరిగా దొరకలేదు. ఆ రెండేళ్ళు తూటాలు చేసే నా ప్రెస్ మీద దుమ్ము పట్టింది. అప్పుడే నిర్ణయించుకున్నాను, ఇంకోసారి ఇలా కూర్చోను అని.

2016 ఎన్నికల తర్వాత భయం పోయి ధరలు పడిపోయాయి. ఎవరికీ అక్కర్లేని రోజుల్లో నేను కొన్నాను. స్మాల్ పిస్టల్, స్మాల్ రైఫిల్, షాట్‌గన్‌కి వాడే 209లు, అన్నీ. కొన్ని ఇప్పటికీ అల్మరాలో ఉన్నాయి. 2020లో జనం తెల్లవారుజామున క్యూ కట్టినప్పుడు నేను ఇంట్లో కాఫీ తాగుతున్నాను. నేను ఆ క్యూలో లేను కాబట్టి నీకు దక్కాల్సిన బ్రిక్ నేను లాక్కోలేదు. ఇంకా చెప్పాలంటే ఒక మనిషి పోటీ తగ్గింది. ఎండాకాలంలో ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టుకున్నదాన్ని, కార్తీకంలో మామిడికాయ దొరకలేదని పక్కింటావిడ తిడితే ఎలా?

లెక్కల_మాస్టారు:
నేను ఆవేశాల జోలికి వెళ్ళను, లెక్క చెబుతాను. ఈరోజు షాపులో 9 ఎం.ఎం. తూటాలు 50 ఉన్న డబ్బా 12 నుంచి 13 డాలర్లు. అంటే తూటాకి 25 సెంట్లు వేసుకోండి.

ఇంట్లో చేస్తే ప్రైమర్ 8 సెంట్లు. పౌడర్ పౌండు 45 డాలర్లు. నా తూటాలకైతే పౌండు సుమారు 1400కి వస్తుంది, అంటే 3 సెంట్ల పైచిలుకు. బుల్లెట్ 10 సెంట్లు. కేసు ఊరికే వచ్చిందనుకుందాం. మొత్తం 21 సెంట్లు. మిగిలేది 4 సెంట్లు.

ఒక్కో తూటాకి లివర్ నాలుగైదు సార్లు లాగాల్సిన సింగిల్ స్టేజ్ ప్రెస్ మీద గంటకి వంద చేస్తే గొప్ప. అంటే గంట కష్టానికి 4 డాలర్లు. ఇక కొరత ఎవరి వల్ల అన్న గొడవెందుకు? 9 ఎం.ఎం. వాళ్ళు మానేస్తే సరి.

ఓరుగల్లు_ఆస్టిన్:
మాస్టారూ, టైమ్ లెక్క కట్టకండి. రాత్రి పిల్లలు పడుకున్నాక గ్యారేజీలో కూర్చుంటే నాకు రోజంతా పడ్డ టెన్షన్ పోతుంది. ట్రేలో ప్రైమర్లు పోసి మెల్లగా ఊపితే బోర్లా పడ్డవి ఒక్కొక్కటే తిరిగి వెల్లకిలా అవుతాయి. చివరి నాలుగైదు మాత్రం మొండికేస్తాయి, వాటిని వేలితో తిప్పాలి. ఆ పది నిమిషాలు ఫోన్ కూడా గుర్తుకు రాదు. దానికి గంటకి ఎంతని కడతారు?

లెక్కల_మాస్టారు:
సంతోషానికి ధర కట్టమని నేననలేదు. డబ్బు ఆదా అవుతోందని మాత్రం చెప్పకండి అంటున్నాను. రెండూ వేరు. ఇంకో విషయం మరిచాను. ఆన్‌లైన్‌లో కొంటే ప్రమాదకర సరుకని హజ్‌మాట్ ఛార్జీ విడిగా వేస్తారు. ఒక్క బ్రిక్ తెప్పిస్తే ఆ ఛార్జీ దాని మీదే పడుతుంది. నాకు పోయినసారి 35 డాలర్లు పడింది. అప్పుడు ప్రైమర్ ధర 8 సెంట్లు కాదు, 11న్నర సెంట్లు. ఆదా కాస్తా సెంటులోపుకి దిగింది.

నల్గొండ_నేను:
మా తాతకి లైసెన్సు తుపాకీ ఉండేది. ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు. మీ లోకం వేరే అన్నా.

గోదారి_గట్టు:
ఆవకాయ పోలిక విని ఉండబట్టలేక రాస్తున్నాను. ఆవకాయ పెట్టుకున్నావిడ పక్కింటికి ఒక గిన్నెడు పంపుతుంది. అది మన పద్ధతి. మీరు పంపారా?

నా అనుభవం చెబుతాను. 2021 వేసవి. మా అమ్మాయికి పదమూడేళ్ళు. ఆదివారాలు ఇద్దరం క్లే షూటింగ్‌కి వెళ్ళేవాళ్ళం. గాలిలోకి ఎగిరే మట్టి పళ్ళేలను షాట్‌గన్‌తో కొట్టడం. ఒక రౌండ్‌కి 25 షెల్స్ (షాట్‌గన్ తూటాలు), రెండు రౌండ్లు ఆడితే 50. షాపుల్లో షెల్స్ లేవు. నా దగ్గర షెల్ ప్రెస్, ఖాళీ షెల్స్, షాట్ (చిన్న గుళ్ళు), పౌడర్ అన్నీ ఉన్నాయి, 209 ప్రైమర్లు తప్ప. ఒక తెలుగు ఇంట్లో పుట్టినరోజు భోజనాల్లో పరిచయమైన ఒకాయన దగ్గర ఉన్నాయని తెలిసింది. అమ్మాయిని కూడా తీసుకుని వెళ్ళాను. వెయ్యికి 180 డాలర్లు అన్నాడు. కరోనాకి ముందు నేను 35కి కొన్న సరుకు. "మనవాళ్ళు కాబట్టి 180, బయటివాళ్ళకైతే 200" అన్నాడు. నోట్లు ఇస్తే మా అమ్మాయి చూస్తుండగా రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. దాచుకున్నవాళ్ళ వల్ల నష్టం లేదని నాకు చెప్పకండి.

పాత_ఇత్తడి:
ఆయన చేసింది వ్యాపారం. నేను చేసింది పొదుపు. రెండూ ఒకటే అంటే ఎలా తమ్ముడూ? నేను ఇంతవరకూ ఒక్క ప్రైమర్ లాభానికి అమ్మలేదు.

గోదారి_గట్టు:
సరుకు బజారులో లేకుండా పోవడానికి ఇద్దరూ కారణమే. అల్మరాలో కూర్చున్న ప్రైమర్ వాడకానికి కూర్చుందా, లాభానికి కూర్చుందా అన్నది ఖాళీ షెల్ఫ్‌కి తెలియదు.

కొత్తగా_డల్లాస్:
అన్నలూ, నేను హెచ్1బి మీద వచ్చి ఏడాదైంది. ఫ్రెండ్‌తో రేంజ్‌కి రెండుసార్లు వెళ్ళాను, నచ్చింది. తుపాకీ కొనను. ధరలు పెరుగుతున్నాయి కదా, గ్రీన్ కార్డ్ వచ్చేలోపు ప్రైమర్లు, పౌడర్ కొని పెట్టుకోవచ్చా?

పాత_ఇత్తడి:
వద్దు బాబూ. దయచేసి ఈ ఒక్క మాట విను. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, అమ్యునిషన్ గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. ఆ చట్టంలో అమ్యునిషన్ అంటే తయారైన తూటా ఒక్కటే కాదు. కేసు, ప్రైమర్, బుల్లెట్, పౌడర్ విడివిడిగా ఉన్నా అమ్యునిషనే. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అవి నీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడగకుండా ఏదీ ముట్టుకోకు. నీ పరిస్థితి తెలిసి నీకు అమ్మినవాడికీ నేరమే. నీ గ్రీన్ కార్డ్ 80 డాలర్ల బ్రిక్ కంటే విలువైంది.

కొత్తగా_డల్లాస్:
ప్రైమర్ ఒక్కటే ఉన్నా తప్పని నాకు తెలియదు. థాంక్స్ అన్నా. కొనట్లేదు.

కృష్ణవేణి_హ్యూస్టన్:
ఇంతసేపూ అల్మరాల గురించే మాట్లాడారు, ఫ్యాక్టరీ గేటు దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. నేను సప్లై చెయిన్‌లో పని చేస్తాను. వారాంతాల్లో రైఫిల్ షూటింగ్, రీలోడింగ్ కూడా నేనే చేసుకుంటాను. కాస్త ఓపిగ్గా చదవండి.

అమెరికాలో ప్రైమర్ అంటే గుర్తొచ్చే పేర్లు నాలుగు. సి.సి.ఐ., ఫెడరల్, రెమింగ్టన్, వించెస్టర్. 2020లో రెమింగ్టన్ దివాలా తీసింది. ఆర్కన్సాలోని లోనోక్‌లో ఉన్న దాని తూటాల ఫ్యాక్టరీని విస్టా అవుట్‌డోర్ అనే కంపెనీ కొనుక్కుంది. సి.సి.ఐ., ఫెడరల్ అప్పటికే విస్టావే. అంటే నాలుగింట్లో మూడు ఒకే చేతిలోకి వెళ్ళాయి. 2024 నవంబర్‌లో ఆ తూటాల వ్యాపారమంతా చెక్ దేశానికి చెందిన చెకోస్లోవాక్ గ్రూప్ చేతికి పోయింది. ఇటలీలో ఫియోక్కీ కూడా వాళ్ళదే.

ఇప్పుడు ఆ కంపెనీ స్థానంలో ఉండి ఆలోచించండి. ఒక ప్రైమర్‌ని విడిగా అమ్మితే కొన్ని సెంట్లు. అదే ప్రైమర్‌ని సొంత తూటాలో పెట్టి అమ్మితే దాని మీద లాభం ఎక్కువ. సొంత తూటాల లైను ఆగకుండా నడవాలి, సైన్యం, పోలీసు ఆర్డర్లు పూర్తవ్వాలి, ఆ తర్వాత మిగిలితే బ్రిక్కులుగా మన దగ్గరికి వస్తాయి. మనం పంక్తిలో చివర కూర్చున్నవాళ్ళం. గిరాకీ కాస్త పెరిగినా ముందు తెగేది మన వాటానే. 2020లో జరిగింది అదే. కొత్తగా తుపాకీ కొన్న లక్షలమంది తూటాలు కొన్నారు, ప్రైమర్లన్నీ తూటాల్లోకి వెళ్ళిపోయాయి. 2021లో రష్యా ప్రతిపక్ష నాయకుడు నావల్నీ మీద విషప్రయోగం జరిగినందుకు రష్యా తూటాలకి కొత్త దిగుమతి పర్మిట్లు ఆపేశారు. అటునుంచి వచ్చే చవక ప్రైమర్ల దారీ మూసుకుపోయింది.

ఓరుగల్లు_ఆస్టిన్:
మరి పౌడర్ సంగతేంటి మేడం? మా షాపులో అలయంట్ బ్రాండ్ పౌడర్లు పెట్టే అర ఖాళీగా ఉంది. అడిగితే ఎప్పుడొస్తుందో తెలియదంటున్నాడు.

కృష్ణవేణి_హ్యూస్టన్:
దానికి మూలం పత్తి. నిజంగానే. పొగలేని పౌడర్‌కి ప్రాణం నైట్రోసెల్యులోజ్. దాన్ని పత్తి గింజకి అంటుకుని ఉండే పొట్టి నూగుతో చేస్తారు. మన జిన్నింగ్ మిల్లుల్లో దూది తీశాక గింజ మీద మిగులుతుంది చూడండి, అది. లింటర్స్ అంటారు. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 155 ఎం.ఎం. ఫిరంగి గుండ్లకి గిరాకీ ఎంత పెరిగిందో తెలుసు కదా. ఆ ఫిరంగి వెనక పెట్టే మందుకీ నైట్రోసెల్యులోజే కావాలి. ఒక్క ఫిరంగి గుండుకి పట్టే మందు మనలాంటివాళ్ళకి నెలలకొద్దీ వస్తుంది. ఐరోపా వాళ్ళు ఈ లింటర్స్‌కి చాలావరకు చైనా మీద ఆధారపడ్డారు.

అమెరికాలో వర్జీనియాలోని రాడ్‌ఫర్డ్ సైనిక కర్మాగారం నైట్రోసెల్యులోజ్‌కి ముఖ్యమైన చోటు. 2023 చివర్లో విస్టా తన డీలర్లకి ఉత్తరం రాసింది, ప్రపంచమంతా పౌడర్‌కి కొరత రాబోతోంది, 2024 జనవరి నుంచి ధరలు పెంచుతున్నాం అని. రైఫిల్ వాళ్ళు ఇష్టపడే వార్‌గెట్, హెచ్4350 అనే పౌడర్లు అమెరికాలో తయారయ్యేవి కావు, ఆస్ట్రేలియాలోని మల్వాలా నుంచి రావాలి. అక్కడి సైన్యానికి కావలసింది కూడా ఆ ఫ్యాక్టరీయే చేస్తుంది. మనకి ఎప్పుడు ఓడ ఎక్కించాలన్నది వాళ్ళ వీలు.

దానికి తోడు యాంటిమొనీ అనే ఖనిజం. సీసపు బుల్లెట్ గట్టిపడటానికి కలుపుతారు, ప్రైమర్ మిశ్రమంలో కూడా ఉంటుంది. 2024 డిసెంబర్‌లో చైనా దాన్ని అమెరికాకి పంపడం ఆపింది. ఇంత జరుగుతుంటే మీరు ఒక పెద్దాయన అల్మరా గురించి కొట్టుకుంటున్నారు.

లెక్కల_మాస్టారు:
మంచి సమాచారం. కానీ హజ్‌మాట్ ఛార్జీ గురించి మీరు ఏమీ చెప్పలేదు. అది యుద్ధం వల్ల వచ్చింది కాదు.

కృష్ణవేణి_హ్యూస్టన్:
పది బ్రిక్కులు కలిపి తెప్పిస్తే అది ఒక్కోదానికి మూడున్నర డాలర్లే అవుతుంది మాస్టారూ. నలుగురు కలిసి కొనుక్కోండి.

లెక్కల_మాస్టారు:
నలుగురు కలవాలంటే నలుగురి మధ్య నమ్మకం ఉండాలి. పైన చూశారు కదా.

గోదారి_గట్టు:
కృష్ణవేణి గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే కావచ్చు. కానీ ఫ్యాక్టరీ నుంచి వచ్చే కాస్త సరుకైనా అందరికీ అందాలి కదా. 2023 జూలై గుర్తుందా? బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి మన దేశం ఆపిన మర్నాటి నుంచి ఇక్కడి ఇండియన్ స్టోర్ల ముందు ఏం జరిగింది? సోనా మసూరి బస్తాలు కార్ల డిక్కీల్లో ఐదేసి, పదేసి పట్టుకుపోయారు. రెండు రోజుల్లో షెల్ఫులు ఖాళీ. కుటుంబానికి ఒక బస్తా అని బోర్డులు పెట్టారు. అమెరికాలో బియ్యం నిజంగా అయిపోయాయా? లేదు. భయం వల్ల పోయాయి. మా అమ్మ అప్పుడు ఇక్కడే ఉంది. షుగర్ ఉన్న మనిషి, అయినా మూడు పూటలా అన్నమే కావాలి. నేను మూడు స్టోర్లు తిరిగి పొన్ని బియ్యం తెచ్చాను. ప్రైమర్ల కొరతకీ దానికీ తేడా ఏమిటి?

పాత_ఇత్తడి:
తేడా ఉంది. నిషేధం వచ్చిన రోజు పరుగెత్తి పది బస్తాలు తెచ్చుకున్నవాడు వేరు. ఎప్పుడూ ఇంట్లో రెండు నెలల బియ్యం ఉంచుకునేవాడు వేరు. నేను రెండోవాణ్ణి అని మొదటినుంచీ చెబుతున్నాను. ఊళ్ళో మా నాయన పంట రాగానే ఏడాది గింజలు గాదెలో పోయించేవాడు. ఆయన్ని ఎవరూ దాచుకునేవాడు అనలేదు, ముందుచూపున్న మనిషి అన్నారు.

గోదారి_గట్టు:
మీ నాయనగారి గాదెలో ఏడాది గింజలు. మీ అల్మరాలో 2016 నాటివి ఇప్పటికీ ఉన్నాయని మీరే రాశారు. అది ముందుచూపా?

సిరిసిల్ల_అమ్మాయి:
మా ఆయన రీలోడ్ చేస్తాడు. నాకు ధరల కంటే ఇంట్లో పెట్టుకోవడమే భయం. చిన్నపిల్లలు ఉన్నారు. ఇంట్లో ఎన్ని ఉండొచ్చు?

పాత_ఇత్తడి:
అమ్మా, అమెరికాలో ఫైర్ సేఫ్టీ ప్రమాణం ప్రకారం ఇంట్లో సొంత వాడకానికి ప్రైమర్లు 10,000 వరకు, పొగలేని పౌడర్ వచ్చిన డబ్బాల్లోనే 20 పౌండ్ల వరకు. చాలా నగరాల ఫైర్ కోడ్‌లో కూడా అవే అంకెలు. పౌడర్ ఎండ వేడి తగిలే గ్యారేజీలో వద్దు, ఇంట్లో చల్లని గదిలో తాళం వేసి ఉంచమనండి. ప్రైమర్లు వచ్చిన ట్రేల్లోనే ఉండాలి. సీసాలో గుమ్మరించి పెడతారు కొందరు, ఒకటి పేలితే అన్నీ ఒక్కసారే అంటుకుంటాయి.

గోదారి_గట్టు:
10,000. మీ దగ్గర ఎన్ని ఉన్నాయి?

పాత_ఇత్తడి:
అది నీకు అనవసరం.

గోదారి_గట్టు:
అవసరమే. అమ్మాయిగారికి నియమం చెప్పారు కదా. మీరు పాటిస్తున్నారా లేదా?

లెక్కల_మాస్టారు:
ఒక మాట సరిచేస్తాను. ఆ ప్రమాణం దానంతటది చట్టం కాదు. నగరమో, కౌంటీయో దత్తత తీసుకుంటేనే చట్టం. నగరం హద్దు బయట ఉంటే వేరే నియమం ఉండొచ్చు.

గోదారి_గట్టు:
మాస్టారూ, నేను అడిగింది చట్టం గురించి కాదు.

పాత_ఇత్తడి:
మరి దేని గురించి? పొద్దుటినుంచీ నా మీద పడ్డావు. నేను నీకేం చేశాను? నీకు 180కి అమ్మినవాడెవడో అమ్మాడు. ఆ కోపం వాడి మీద చూపించు. నా కష్టార్జితంతో నేను కొనుక్కున్న సరుకు లెక్క నీకు అప్పజెప్పాలా? 2013లో నేను ఖాళీగా కూర్చున్నప్పుడు నాకెవడైనా ఒక్క ట్రే ఇచ్చాడా?

గోదారి_గట్టు:
సరే, చెబుతాను. చెప్పకూడదనుకున్నాను కానీ మీరే అడిగారు.

2021 జూన్‌లో నేను మీకు ఇక్కడే మెసేజ్ పెట్టాను. అప్పుడు నా పేరు వేరే, అందుకే గుర్తుపట్టలేదేమో. ఒక్క డబ్బా అడిగాను. వెయ్యి కాదు, వంద. "అన్నా, మా అమ్మాయి కోసం, మీరు ఎంతంటే అంత ఇస్తాను" అని రాశాను. మీరు "209లు నా దగ్గర అస్సలు లేవు తమ్ముడూ, ఉంటే ఊరికే ఇచ్చేవాణ్ణి" అని జవాబిచ్చారు. ఆ మాటకి ఎంత సంతోషించానో. ఉంటే ఊరికే ఇచ్చేవారట అని మా ఆవిడకి కూడా చెప్పాను. ఆ తర్వాతే వేరే దారి లేక 180 ఇచ్చి కొన్నాను.

ఈరోజు మీ మొదటి పోస్టులో ఏం రాశారో పైకి వెళ్ళి చదువుకోండి. 2016లో 209లు కూడా కొన్నారట. కొన్ని ఇప్పటికీ ఉన్నాయట.

నన్ను తమ్ముడూ అనకండి.

నల్గొండ_నేను:
అయ్యో.

ఓరుగల్లు_ఆస్టిన్:
నేను మొదలుపెట్టిన చర్చ ఇక్కడికి వస్తుందనుకోలేదు. పెద్దాయన్ని జవాబు చెప్పనివ్వండి.

లెక్కల_మాస్టారు:
ఇవ్వడం ఇవ్వకపోవడం ఆయన ఇష్టం. దాంట్లో తప్పులేదు. లేవని చెప్పడం మాత్రం నేనూ ఒప్పుకోను.

పాత_ఇత్తడి:
రాత్రి చూశాను. వెంటనే రాయలేకపోయాను.

మెసేజ్ వెతికాను. ఉంది. నువ్వు రాసింది నిజం. నా దగ్గర ఉన్నాయి, లేవని చెప్పాను.

ఎందుకో చెబుతాను. క్షమించమని కాదు, జరిగింది తెలియాలి కాబట్టి. 2020 చివర్లో ముగ్గురు మనవాళ్ళు అడిగితే నేను కొన్న ధరకే ఇచ్చాను. వెయ్యి 209లు 32 డాలర్లకి. ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, ప్రెస్ ఎలా సెట్ చేసుకోవాలో గంట సేపు చూపించి పంపాను. వారం తిరక్కుండా అందులో ఒకతను ఆ డబ్బాలు ఆన్‌లైన్‌లో 190కి పెట్టాడు. ఫోటో చూసి గుర్తుపట్టాను. ప్రతి డబ్బా మీద కొన్న నెల, సంవత్సరం నల్ల స్కెచ్‌పెన్‌తో రాసుకోవడం నా అలవాటు. నా చేతి రాత, నా అంకెలు. అడిగితే ఫోన్ ఎత్తలేదు. ఆ రోజు నుంచి ఎవరడిగినా లేవనే చెప్పాను. ఉన్నాయి, ఇవ్వను అంటే వాదన పెట్టుకోవాలి. లేవు అంటే అక్కడితో అయిపోతుంది. అందరికీ ఒకే జవాబు టైప్ చేశాను. "ఉంటే ఊరికే ఇచ్చేవాణ్ణి" అన్న ముక్క రాయకుండా ఉండాల్సింది.

గోదారి_గట్టు:
ఇవ్వను అని ఉంటే నాకు ఏ బాధా లేదండీ. మీ సరుకు, మీ ఇష్టం. ధర గురించి కూడా కాదు. 180 పెట్టగలిగాను కాబట్టి పెట్టాను. ఈ దేశంలో మనకి మేనమామలు లేరు, పెదనాన్నలు లేరు. అవసరం వస్తే మనవాళ్ళని అడగాలి అని మా అమ్మాయికి నేనే చెప్పేవాణ్ణి. ఒకరు లేదన్నారు, ఇంకొకరు మనవాళ్ళు కాబట్టి 20 తగ్గించానన్నారు. కారులో తిరిగి వస్తూ "నాన్నా, మనవాళ్ళంటే ఏమిటి?" అని అడిగింది. నాకు జవాబు రాలేదు.

కృష్ణవేణి_హ్యూస్టన్:
నేను ఫ్యాక్టరీ లెక్కలు రాసి చర్చ తేల్చేశాననుకున్నాను. మీరిద్దరూ మాట్లాడుతున్నది అసలు సరఫరా గురించే కాదని ఇప్పుడర్థమైంది. అయినా పాత_ఇత్తడి గారు నమ్మి ఇచ్చి మోసపోయారు, అది కూడా చిన్న విషయం కాదు. నా వల్ల అయ్యేది ఒకటుంది. మా ఊరి షాపతను పది బ్రిక్కులు కలిపి ఆర్డర్ ఇస్తే తెప్పిస్తానన్నాడు, హజ్‌మాట్ ఛార్జీ అతనే చూసుకుంటాడు. హ్యూస్టన్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు, చట్టప్రకారం కొనగలిగినవాళ్ళు, ఎవరి డబ్బు వాళ్ళు నేరుగా షాపుకే కట్టి తీసుకోవచ్చు. మధ్యలో ఎవరి చేతా డబ్బు మారదు. ఓరుగల్లు గారూ, మీకు స్మాల్ పిస్టల్ ప్రైమర్లు కావాలన్నారు కదా?

ఓరుగల్లు_ఆస్టిన్:
రెండు బ్రిక్కులు రాసుకోండి మేడం. ఆస్టిన్ నుంచి మూడు గంటలు, ఆదివారం వస్తాను. ధర ఎంతన్నాడు?

కృష్ణవేణి_హ్యూస్టన్:
74, పన్ను కాకుండా.

లెక్కల_మాస్టారు:
నాకూ ఒకటి. లార్జ్ పిస్టల్. నేను చేసేది .45 తూటాలు కాబట్టి లెక్క కుదురుతుంది.

పాత_ఇత్తడి:
గోదారి_గట్టు గారూ, అమ్మాయి ఇంకా షూట్ చేస్తోందా? 209లు నా దగ్గర ఇంకా నాలుగు డబ్బాలు ఉన్నాయి. డబ్బులు వద్దు. నేనే తెచ్చి ఇస్తాను, మీ ఊరి రేంజ్ దగ్గరైనా సరే.

గోదారి_గట్టు:
మానేసింది. ఆ సీజన్‌లో నాలుగు ఆదివారాలు వరసగా పోయాయి, తర్వాత బడిలో వాలీబాల్‌లో చేరింది. ఇప్పుడు ఆదివారం తనకి మ్యాచ్‌లు. మీ డబ్బాలు అవసరం లేదండీ, ఎవరైనా కొత్తగా నేర్చుకునే పిల్లలు అడిగితే ఇవ్వండి. షెల్ ప్రెస్ మాత్రం గ్యారేజీలో బల్లకి బిగించే ఉంది, తీయలేదు.

పాత_ఇత్తడి:
తేమకి గ్యారేజీలో తుప్పు పడుతుంది. కదిలే భాగాలన్నిటికీ పలచగా నూనె రాసి, పాత దుప్పటి కప్పండి. అందులో ప్రైమర్లు మిగిలి ఉంటే ముందు తీసేయండి. నాలుగు డబ్బాల్లో రెండు మీ పేరు రాసి పక్కన పెడుతున్నాను.